పిల్లికన్నా ముందు తెలిసేది కౌంటర్‌కే

ఫిజిక్స్ మాస్టారన్నాక ఈ ప్రశ్న తప్పదు: "పెట్టె మూత తీసేదాకా ష్రోడింగర్ పిల్లి బతికీ ఉంటుంది, చచ్చీ ఉంటుందట, నిజమేనా సార్?" నేను అవుననను, కాదనను. బోర్డు మీద పెట్టె గీసి, లోపల ఏమేం ఉన్నాయో వాళ్లచేతే చెప్పిస్తాను.

ఎర్విన్ ష్రోడింగర్ 1935లో రాసిన వ్యాసంలో అది ఉక్కు పెట్టె. పిల్లితోపాటు ఒక గైగర్ కౌంటర్, అందులో రవ్వంత రేడియోధార్మిక పదార్థం. గంటలో ఒక్క పరమాణువు విఘటనం చెందొచ్చు, అసలేదీ చెందకపోనూవచ్చు. రెంటికీ సమాన అవకాశం. చెందితే కౌంటర్ పలుకుతుంది, సుత్తి పడుతుంది, విషం సీసా పగులుతుంది. క్వాంటం గణితాన్ని మొత్తం పెట్టెకు వర్తింపజేస్తే పిల్లి కూడా రెండు స్థితుల అధ్యారోపణంలోకి జారుతుంది. ఇదెలా ఒప్పుకునేది అని ఆయన నిలదీశాడు. ఆ ఆక్షేపణనే లోకం ఆయన సిద్ధాంతమని ప్రచారం చేసింది. ఇది నాకెప్పుడూ బాధే.

బోర్డు మీద నేను ఎక్కువసేపు ఆగేది కౌంటర్ దగ్గర. గొట్టంలోకి ఒక్క కణం దూసుకొస్తే వాయువులో ఎలక్ట్రాన్లు ఊడతాయి, అవి మరికొన్నిటిని ఊడగొడతాయి, కన్నుమూసి తెరిచేలోగా కోట్ల ఎలక్ట్రాన్లు తీగ మీద పడతాయి. ఆ వరదను వెనక్కి మళ్లించడం ఎవరి తరమూ కాదు. పరమాణువు సమాచారం మూత తీయకముందే గాలికీ గోడలకూ పాకిపోయింది. అందుకే మనిషి చూస్తేనే లోకం ఏర్పడుతుందనే ప్రసంగాలు నాకు రుచించవు.

పారిస్‌లో సెర్జ్ హరోష్ బృందం 1996లో కొద్ది ఫోటాన్లను అద్దాల మధ్య బంధించి, ఇలాంటి అధ్యారోపణం క్రమంగా చెదిరిపోవడాన్ని కొలిచింది. రెండు స్థితుల మధ్య తేడా పెరిగేకొద్దీ అది అంత త్వరగా చెదిరింది. ఫోటాన్లకే అలాగైతే పిల్లి సంగతి చెప్పాలా? హరోష్‌కు 2012లో నోబెల్ వచ్చింది.

అయినా ఒక ముడి మిగిలే ఉంది. రెండు ఫలితాల్లో ఇదే ఎందుకు వచ్చింది? నాణెం ఎగరేస్తే బొమ్మా బొరుసా అన్నది ముందే చెప్పలేకపోవడం మన లెక్క చాలక. పరమాణువు వెనక అలాంటి దాగిన లెక్క ఉందని 1952లో డేవిడ్ బోమ్ అన్నాడు. రెండూ జరుగుతాయి, వేర్వేరు శాఖల్లో అనే దారిని 1957లో హ్యూ ఎవరెట్ తెరిచాడు. ఆ వాదం ఇంకా తెగలేదు. తెగిపోయినట్టు చెప్పే పాఠం పిల్లలకు అన్యాయం చేస్తుంది.

తోటి ఉపాధ్యాయులకు నా మనవి ఒక్కటే: ఈ ప్రయోగం చెప్పేటప్పుడు కౌంటర్‌కు కనీసం పది నిమిషాలు ఇవ్వండి.