నాలుగు బైట్లకు ఇంత కట్టుదిట్టం ఎందుకు?

లినక్స్‌లో ఒక థ్రెడ్ ముగిసేటప్పుడు కెర్నెల్ ఓ చిన్న పని చేస్తుంది. ఆ థ్రెడ్ ముందే నమోదు చేసిన అడ్రస్‌లో నాలుగు బైట్ల సున్నా రాసి, దాని కోసం కాచుకున్న మరో థ్రెడ్‌ను లేపుతుంది. రాసేది సున్నాయే అయినా అడ్రస్ ఇచ్చింది యూజర్ ప్రోగ్రామ్. దాన్ని కెర్నెల్ నమ్మకూడదు. అందుకే ఈ రాత పుట్_యూజర్ ద్వారానే జరుగుతుంది. ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది బైట్ల విలువల కోసం పెట్టిన దారి ఇది. పని జరిగితే సున్నా, లేకపోతే ఈఫాల్ట్ ఎర్రర్ తిరిగొస్తుంది.

ఇందులోని నేర్పంతా రెండు ప్రశ్నలను విడదీయడంలో ఉంది. అడ్రస్ యూజర్ పరిధిలో ఉందా అన్నది అంకె చూస్తే తేలుతుంది, తరువాత మారదు. కాబట్టి ముందే చూస్తారు. అక్కడ రాయదగిన పేజీ ఉందా అన్నది అలా కాదు. చూసిన మరుక్షణమే ఇంకో థ్రెడ్ ఆ పేజీని తీసేయవచ్చు. పాత కెర్నెళ్లలో వెరిఫై_ఏరియా ఈ రెండోదాన్నీ ముందే పరీక్షించేది. 1996లో మొదలైన 2.1 వరుసలో ఆ పద్ధతి మారింది. ఇప్పుడు నేరుగా రాసేస్తారు. పేజ్ ఫాల్ట్ వచ్చి, పేజీ డిస్కులో ఉంటే కెర్నెల్ దాన్ని తెచ్చి రాతను కొనసాగిస్తుంది. అడ్రస్ నిజంగానే చెల్లనిదైతే ఎక్సెప్షన్ టేబుల్‌లో వెదుకుతుంది. ఫాల్ట్ రాగల ఇన్‌స్ట్రక్షన్ ఏది, వస్తే ఎక్కడికి దూకాలి అన్న జతలే ఆ టేబుల్. సాఫీగా సాగే రాతకు దీనివల్ల అదనపు ఖర్చేమీ లేదు. నాకు అన్నిటికన్నా గొప్పగా తోచేది ఇదే. అయితే పేజీ కోసం ఆగాల్సి రావచ్చు గనుక స్పిన్‌లాక్ పట్టుకుని దీన్ని పిలవకూడదు.

విలువలన్నీ ఒక స్ట్రక్చర్‌లో పెట్టి కాపీ_టు_యూజర్‌తో పంపితే సరిపోదా అనవచ్చు. పెద్ద డేటాకు అదే సరైనది. కానీ స్ట్రక్చర్ ఫీల్డుల మధ్య మిగిలే ఖాళీ బైట్లను ముందే తుడవకపోతే, వాటిలోని పాత కెర్నెల్ సమాచారం బయటికి పోతుంది. పుట్_యూజర్ పంపేది విలువను మాత్రమే.

వేగం గురించిన అభ్యంతరం మరింత బలమైనది. యూజర్ మెమరీని కెర్నెల్‌కు మామూలుగా మూసి ఉంచే ఇంటెల్ స్మ్యాప్ రక్షణ ఉన్న ప్రాసెసర్లలో ప్రతి చిన్న రాతకూ యూజర్ మెమరీని తెరిచి మూయాలి. నాలుగైదు ఫీల్డులు రాయాల్సినప్పుడు అది వృథాయే. అందుకే ఒక్కసారి తెరిచి, అన్నీ రాసి, మూసే అన్‌సేఫ్_పుట్_యూజర్ వచ్చింది. 4.13 కెర్నెల్ వెయిట్‌ఐడీ సిస్టమ్ కాల్‌లో ఈ దారి వాడుతూ పరిధి తనిఖీని వదిలేశారు. ఫలితం 2017 నాటి సీవీఈ-2017-5123: కెర్నెల్ అడ్రస్ ఇస్తే కెర్నెల్ తన మెమరీలో తానే రాసుకునేది. స్మ్యాప్ ఇక్కడ ఆదుకోలేదు. అది కాపాడేది యూజర్ పేజీల దగ్గరే, సొంత పేజీల్లో రాసే హక్కు కెర్నెల్‌కు ఎలాగూ ఉంది. రాయగలిగిన విలువలు పరిమితమే అయినా వాటితో అధికారాలు పెంచుకోవచ్చని పరిశోధకులు చేసి చూపించారు. వేగం కావాలనుకోవడంలో తప్పు లేదు. తనిఖీ బాధ్యతను పిలిచేవాళ్ల జ్ఞాపకశక్తికి వదిలేయడమే తప్పు. 2019లో వచ్చిన 5.0 దాన్ని సరిదిద్దింది: యూజర్ మెమరీని తెరిచే యూజర్_యాక్సెస్_బిగిన్ పిలుపే ఇప్పుడు ముందుగా పరిధి చూస్తుంది, అడ్రస్ చెల్లకపోతే తెరవనే తెరవదు.