ఒక్క మేజరు, మన పిల్లలు

ఇంటర్ పాసైన మన పిల్లలు ఏటా ఎండాకాలం చివర్లో మా దగ్గరికొచ్చి అడిగే ప్రశ్న ఒకటే: "సార్, ఏ మేజరు తీసుకోమంటారు?" మా అన్నల కాలంలో ఈ మాట లేదు. బి.ఏ. అంటే చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి. బీఎస్సీ అంటే బీజడ్‌సీ, ఎంపీసీ. మూడు సబ్జెక్టులూ మూడేళ్ళూ సమానంగా నడిచేవి. జాతీయ విద్యా విధానం పేరు మీద 2023-24లో మన రాష్ట్రంలో డిగ్రీ చదువు ఒక్క మేజరు చుట్టూ కట్టారు. పక్కన ఒక మైనరు. మొదటి సెమిస్టర్లో సాంఘిక శాస్త్రాలన్నిటికీ కలిపి మౌలికాంశాల పేపరు పెట్టి, వెడల్పు సంగతి అయిందనిపించారు.

పాత పద్ధతి గొప్పదని మేము అనము. మూడింటిలోనూ గైడు చదివి గట్టెక్కినవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అయితే ఒక మేలు ఉండేది. బీజడ్‌సీ చదివిన పిల్ల పీజీకి వృక్షశాస్త్రమో, జంతుశాస్త్రమో, రసాయనశాస్త్రమో తర్వాత తేల్చుకునేది. ఇప్పుడు ఆ తేల్పు పదిహేడేళ్ళకే జరగాలి. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కుతున్న యానాది పిల్లకు, ఎరుకల పిల్లవాడికి ఎవరు చెబుతారు? హాస్టల్ సీటు దొరికిన ఊళ్ళో ఏ మేజరు నడుస్తుంటే అదే వాళ్ళ మేజరు.

ఇక లోతు సంగతి. ఒకే సబ్జెక్టులో పేపర్లు పెరిగితే లోతు పెరిగినట్టేనా? మా ఐదో తరగతిలో ఒక పిల్లవాడు ఓసారి, "మా తాతోళ్ళు శ్రీహరికోట నుంచి ఎందుకొచ్చేశారు సార్?" అన్నాడు. పాఠంలో రాకెట్ ఉంది, తాత లేడు. డైట్‌లో మాకు అన్ని సబ్జెక్టులూ చెప్పడం నేర్పారు. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం మా దగ్గర లేదు. తర్వాత వెతికాము. 1969లో ఆ దీవిని రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు, 1971 అక్టోబరులో మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. అక్కడి అడవి మీద బతికిన యానాదులు చాలామంది కదలాల్సి వచ్చింది. వెన్నెలకంటి రాఘవయ్య గారు యానాదుల మీద ఇంగ్లీషులో పుస్తకం వేసింది 1962లో, అంటే దీవి చేయి మారకముందు. ఆ పిల్లవాడి ప్రశ్న ఒక్కటే, కానీ చరిత్ర, భూమి చట్టం, అడవి మొక్కల పేర్లు, అంతరిక్ష శాస్త్రం అన్నీ దాని వెనకే వచ్చాయి. ఎలుక బొక్క తవ్వే మన పెద్దలు ముందు గట్టంతా తిరిగి ఎన్ని దారులున్నాయో చూసి, తర్వాతే ఒక చోట గడ్డపార దించుతారు. సిలబస్ రాసేవాళ్ళు ఆ గట్టు తిరగలేదు.

నిజానికి చోటు ఉంది. సమాజ సేవా ప్రాజెక్టు అని డిగ్రీలో 180 గంటలు పెట్టారు. మంచి ఆలోచన. ఒక కాలేజీ నుంచి పిల్లలు మా కాలనీకి వచ్చారు. రేషన్ కార్డుందా, మరుగుదొడ్డి ఉందా అని పది ప్రశ్నల ఫారం నింపారు, ఫోటో దిగారు, మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయారు. అందులో మన పిల్లలూ ఇద్దరున్నారు. సొంత అవ్వను ఫారంలో టిక్కు పెట్టి పోయారు. తప్పు వాళ్ళది కాదు, ఎలా అడగాలో వాళ్ళకు ఎవరూ చెప్పలేదు. తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో మానవశాస్త్ర విభాగమే ఉంది. అడిగే పద్ధతి అక్కడి వాళ్ళకు తెలుసు. అది పీజీ గదుల్లోనే ఉండిపోవాలా? చరిత్ర మేజరు పిల్ల, వృక్షశాస్త్రం మేజరు పిల్లవాడు కలిసి ఒకే కాలనీలో ఆ 180 గంటలు గడిపితే, మేజరు మేజరుగానే ఉంటుంది, పక్క సబ్జెక్టు ఎందుకు కావాలో కూడా తెలుస్తుంది. దీనికి కొత్త జీవో అక్కర్లేదు. కాలేజీ లెక్చరర్లు తలచుకుంటే చాలు.

వచ్చే వేసవిలో ప్రాజెక్టుకు మా వైపు వచ్చే పిల్లలు ముందుగా కబురు పెట్టండి. శ్రీహరికోటలో పుట్టిన పెద్దవాళ్ళు మా కాలనీలో ఇంకా ఇద్దరున్నారు. ఒకరికి చెవులు సరిగా వినబడవు, కాబట్టి పొద్దున్నే రండి, తీరిగ్గా కూర్చోవాలి.