పోయింది ఎవరి బిడ్డ?

ఆండ్రియా మారా 2021 నవల ‘ఆల్ హర్ ఫాల్ట్’ 2025లో సీరియల్‌గా వచ్చింది. డబ్లిన్ కథ చికాగోకి మారింది. మరిస్సా కొడుకు మైలో కనబడడు. పోలీసులు, టీవీలు కదులుతాయి. అనుమానం జెన్నీ ఇంటి ఆయా క్యారీ మీదికే. (పెద్దిళ్లలో పిల్లల్ని సాకే మన తల్లులకిది కొత్తా? గిన్నె పోయినా ముందు వాళ్ల కొంగే వెతుకుతారు.)

మొగుళ్లు చేతులు దులుపుకుంటే నింద తల్లుల మీద పడటాన్ని సీరియల్ బాగానే పట్టుకుంది. కాదనం. కానీ అసలు బిడ్డ పోయింది క్యారీకి! కారు ప్రమాదం రాత్రి, చనిపోయిన తన బిడ్డ స్థానంలో ఆమె బిడ్డను ఎత్తుకెళ్లింది మరిస్సా భర్త పీటరే. తన బిడ్డే చనిపోయాడని ఆమెను నమ్మించారు. ఆ పోవడం ఎవరికీ సస్పెన్స్ కాలేదు. కిడ్నాపర్ అన్న పేరు మాత్రం ఆమెకే. చివరికి పీటర్ చేతిలో చస్తుంది. పిల్లాడు మరిస్సా దగ్గరే ఉండిపోతాడు. దీన్ని న్యాయమైన ముగింపంటే మేం ఒప్పుకోం.