వయస్సు అడిగినవారెవరు?

సెసిల్ లూయిస్ ఆంగ్లంలో వ్రాసిన ‘సాజిటేరియస్ రైజింగ్’ 1936లో వెలువడింది. మొదటి ప్రపంచ యుద్ధపు వైమానికుల జీవితాన్ని ఇంత చక్కగా చెప్పిన గ్రంథాలు అరుదు. 1916 జూలై 1న సోమ్ రణరంగంలో పేలిన భూగర్భ మందుపాతరను ఆకాశం నుండి చూసిన వర్ణన మరువరానిది.

కాని మాకొక లోపం తోచింది. 1898 మార్చిలో పుట్టిన రచయిత, 1915లో రాయల్ ఫ్లయింగ్ కోర్‌లో చేరబోయి, 17 ఏళ్లు నిండగానే 18 కావస్తున్నాయని చెప్పాడు. ఆ అబద్ధాన్ని చమత్కారంగా చెప్పి దాటిపోయాడు. నమ్మిన అధికారుల బాధ్యతను ప్రశ్నించలేదు.

కూలి ఒప్పంద పత్రాలలో గుమాస్తా వ్రాసిన వయస్సెల్లా సత్యం కాదని మన కుటుంబాలకు తెలుసు. బాలసైనికులను గూర్చి పరిశోధించేవారు కూడా స్మృతులతో తృప్తిపడక, జనన రిజిస్టరును సైనిక పత్రంతో పోల్చి చూడాలి. పుస్తకం తప్పక చదవదగినది. తేదీలు లెక్కపెట్టుకుంటూ చదవండి.