ఒక్క ముద్రతో ఎంత చెప్పగలం?

యంత్రమా, కాగితమా? ఎన్నికలు వచ్చినప్పుడల్లా ఈ తగవు లేస్తుంది. 1982లో కేరళలోని పరవూరులో తొలిసారి ఓటింగు యంత్రాన్ని వాడారు. 2004 నాటికి అది లోక్‌సభ స్థానాలన్నిటికీ వచ్చింది. తగవు మాత్రం తీరలేదు. అది అవసరమైనదే, నమ్మకం కలగని లెక్క ఉన్నా లేనట్లే. కానీ ఈ గొడవలో మరో సంగతి మరుగున పడిపోతోంది. మీట నొక్కినా, ముద్ర వేసినా మనం చెప్పగలిగేది ఒకే మాట: “వీరు కావాలి.” వీరు కాకపోతే ఎవరు? ఎవరు బొత్తిగా వద్దు? ఆ సంగతి అడిగే చోటే బ్యాలెట్‌లో లేదు.

పౌరశాస్త్రం పాఠాలు సాధారణంగా “ఎక్కువ ఓట్లు వచ్చినవారు గెలుస్తారు” అని చెప్పి ఊరుకుంటాయి. అందులో ఎంత లొసుగు ఉందో చూద్దాం. మీ కాలేజీలో వందమంది విహారయాత్రకు బయలుదేరుతున్నారనుకోండి. శ్రీశైలం, నాగార్జునసాగర్, హంపీ – ఈ మూడింటికీ ఎవరి ఇష్టం ప్రకారం వారు 1, 2, 3 అంకెలు వేశారు. 40 మంది వరస శ్రీశైలం, సాగర్, హంపీ. 35 మందిది హంపీ, సాగర్, శ్రీశైలం. మిగిలిన 25 మందిది సాగర్, హంపీ, శ్రీశైలం.

మొదటి అంకెలు మాత్రమే లెక్కిస్తే 40తో శ్రీశైలం గెలుస్తుంది. అయితే 60 మందికి అది ఆఖరి కోరిక! పోనీ, అందరికన్నా వెనకబడిన సాగర్‌ను తొలగించి, ఆ 25 ఓట్లనూ వాటి రెండో అంకె ప్రకారం బదిలీ చేద్దాం. 60తో హంపీ గెలుస్తుంది. జంటలు జంటలుగా పోల్చితే? సాగర్ శ్రీశైలాన్ని 60–40తోనూ, హంపీని 65–35తోనూ ఓడిస్తుంది. కాగితాలు అవే, అంకెలు అవే, విజేతలు ముగ్గురు. ఫ్రాన్సు గణితవేత్త కాండొర్సే 1785లోనే ఈ జంటల పోలికను సమర్థించాడు. అందులోని చిక్కు కూడా ఆయనే పట్టుకున్నాడు: ఒక్కోసారి అ ఆను, ఆ ఇని, ఇ తిరిగి అను ఓడించి, లెక్క గానుగెద్దులా తిరుగుతుంది.

బదిలీ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు. రాష్ట్రపతి ఎన్నిక దానితోనే జరుగుతుంది. 1969 ఎన్నికలో ప్రధాన పోటీదారులైన వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి ఇద్దరూ తెలుగువారే. చెల్లిన ఓట్ల మొత్తం విలువ 8,36,337. గెలవాలంటే 4,18,169 రావాలి. తొలి లెక్కలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, సి.డి. దేశ్‌ముఖ్‌కు 1,12,769 వచ్చాయి. ఎవరూ గీత దాటలేదు. కిందివారిని తొలగిస్తూ రెండో ప్రాధాన్యాలు కలిపేసరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427 అయ్యారు. 87,967 ఆధిక్యం 14,650కి కుంగిపోయింది! గెలిచింది మొదట ముందున్న గిరే. కానీ ఒక్క ముద్రే ఉండుంటే ఆ పోటీ ఎంత హోరాహోరీగా సాగిందో ఎవరికీ తెలిసేది కాదు.

మరి అంకెల పద్ధతిని అన్నిటికీ పెట్టేయవచ్చుగా అంటారేమో. అంత తేలిక కాదు. 1951–52 ఎన్నికల్లో అభ్యర్థికొక పెట్టె పెట్టి, దానిమీద గుర్తు అంటించారు. ఓటరు కాగితాన్ని పెట్టెలో వేస్తే చాలు, ఏమీ రాయనక్కరలేదు. చదువురాని కోట్లమందికి ఓటును అందించిన ఆ సులువును తక్కువగా చూడకూడదు. ఇక పట్టభద్రుల సంగతి చూడండి. 2021 మార్చిలో తెలంగాణలో జరిగిన శాసనమండలి పట్టభద్రుల ఎన్నికల్లో ఒక నియోజకవర్గంలో 93 మంది, మరోదానిలో 71 మంది పోటీ చేశారు. లెక్కింపు రోజుల తరబడి సాగింది. డిగ్రీలున్నవారి ఓట్లే వేల సంఖ్యలో చెల్లకుండా పోయాయి.

2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత వచ్చిన ‘నోటా’ మీటను కొందరు గొప్ప మార్పు అన్నారు. నాకు అలా తోచదు. లోక్‌సభ, శాసనసభ ఎన్నికల్లో నోటాకు ఎన్ని ఓట్లు పడినా, అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవారే గెలుస్తారు. కోపం నమోదవుతుంది, ఫలితం కదలదు. అదీ ఒక్క మాటే కదా!

ఏ లోపమూ లేని పద్ధతి ఒకటి ఉండకపోదని ఆశ పడవద్దు. ముగ్గురు, అంతకు మించి పోటీలో ఉన్నప్పుడు, ఓటర్ల వరసల నుంచి సమాజపు వరసను తీసే ఏ పద్ధతీ న్యాయమనిపించే కొద్దిపాటి షరతులన్నిటినీ ఒకేసారి తీర్చలేదని కెన్నెత్ ఆరో 1951లో వెలువడిన తన పుస్తకంలో గణితపరంగా నిరూపించాడు. దీన్ని సాకుగా చూపి ఉన్నదే మేలనడం మాత్రం తప్పు. పోటీదారులు అయిదారుగురే ఉండే చోట, అంటే విద్యార్థి సంఘాల్లో, సహకార సంఘాల్లో, అంకెల బ్యాలెట్‌కు పెద్ద ఖర్చు లేదు. మీ తరగతి నాయకుడి ఎన్నికకు ఈసారి 1, 2, 3 రాయించి చూడండి. ఏ పద్ధతిలో లెక్కిస్తారో మాత్రం కాగితాలు పంచకముందే నల్లబల్ల మీద రాసి పెట్టండి. పెట్టె తెరిచాక ఆ సంగతి తేల్చబోతే, పద్ధతిని ఎంచుకునేవారే నాయకుణ్ణి కూడా ఎంచుకుంటారు.