గేట్ పాస్ దొరకని కల

మొన్న కలలో కురుసుర కదిలింది. విశాఖ ఆర్కే బీచ్ ఇసుక మీద 2002 నుంచి మ్యూజియంగా కూర్చున్న ఆ జలాంతర్గామి మెల్లగా నీళ్లలోకి జారుకుంటోంది. పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆవిడ విసనకర్ర ఆపలేదు, తలైనా ఎత్తలేదు. అక్కడ అనుమానం తగిలింది. ఇది కల కదూ అనుకున్నాను. ఆ సంబరానికే మెలకువ వచ్చేసింది.

కల అని తెలిసి కనే కలలు నాకు షిఫ్టు డ్యూటీల పుణ్యం. స్టీలుప్లాంటులో చేరిన కొత్తలో రాత్రి పదింటి సి షిఫ్టుకెళ్లి, పొద్దున్నే ఉక్కునగరం క్వార్టర్‌కొచ్చి, కిటికీకి దుప్పటి కట్టి పడుకునేవాణ్ణి. తెల్లవారుజాము దాటాక పట్టే నిద్రలో కలల వంతు ఎక్కువ. దానికి తోడు పక్కింటి కుక్కర్ కూతలు. ఆ మాగన్నులో ఎక్కడో ఒక కన్ను తెరిచే ఉండేది. కలలు రాసుకోవడానికి తలగడ కింద నోటుబుక్కు పెట్టుకోవడం అప్పుడు మొదలైంది. ఇంట్లోవాళ్లు అది చీటీల లెక్క అనుకునేవారు.

ఈ విద్య గురించి చెప్పేవాళ్లు చాలామంది కల మీద పట్టు గురించే ఊరిస్తారు. కోరిన చోటికి ఎగరొచ్చట, కోరినవాళ్లను రప్పించుకోవచ్చట. నా నోటుబుక్కు మాత్రం ఒప్పుకోదు. అందులో ఎరుక ఒక దారినా, పట్టు ఇంకో దారినా పోతుంటాయి. ఒకరోజు డాల్ఫిన్స్ నోస్ కొండ మీదుగా హాయిగా ఎగిరాను, ఎటు తిరగాలంటే అటు తిరిగాను. అది కలన్న ఊహే లేదు, మనిషి ఎగరడం మామూలే అనుకున్నాను. పట్టు పదహారణాలు, ఎరుక సున్నా.

ఇంకో రోజు దీనికి తలకిందులు. ప్లాంటు కూర్మన్నపాలెం గేటు ముందున్నాను. గడియారం ఒకసారి పది, మళ్లీ చూస్తే మూడు. కల అని స్పష్టంగా తెలుసు. అయినా జేబులు తడుముకుంటూనే ఉన్నాను, గేట్ పాస్ కోసం. ‘కలే కదా, పాస్ ఎందుకు?’ అని నాకు నేను చెప్పుకుంటూనే వెతుకుతున్నాను. లేటైతే హాజరు పోతుందన్న భయం కలకి కూడా లొంగలేదు. నా అనుభవంలో ఎక్కువ భాగం ఇదే మెట్టు.

శాస్త్రం కూడా ఈ ఎరుకను ముందు నమ్మలేదు. డచ్ వైద్యుడు ఫ్రెడరిక్ వాన్ ఈడెన్ 1913లోనే ‘లూసిడ్ డ్రీమ్’ అన్న మాటతో తన కలల గురించి రాశాడు. సాక్ష్యం మాత్రం 1975లో ఇంగ్లండులోని హల్‌లో దొరికింది. కలలు ముమ్మరంగా వచ్చే నిద్రలో కండరాలు సడలిపోయి ఒళ్లు కదలదు గానీ కళ్లు కదులుతాయి. అక్కడ పరిశోధకుడు కీత్ హెర్న్ పరీక్షించిన వ్యక్తి ముందే ఒప్పుకున్నట్టు కలలోంచి కళ్లను ఎడమకీ కుడికీ తిప్పి సైగ చేశాడు. ఆ తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో స్టీఫెన్ లబెర్జ్ అదే విడిగా నిరూపించాడు. 2021లో నాలుగు దేశాల ప్రయోగశాలలు ఇంకో అడుగు వేశాయి. కలగంటున్నవాణ్ణి ఎనిమిదిలోంచి ఆరు తీసేస్తే ఎంత అని అడిగితే, కళ్లతోనే రెండు అని చెప్పాడు. ఇదంతా చదివాక నాకు నచ్చింది ఆ లెక్క ఒక్కటే. నేనైతే కలలో గేట్ పాస్ నంబరు కూడా చెప్పలేను.

మాండూక్యోపనిషత్తు మెలకువనీ, కలనీ, గాఢనిద్రనీ విడదీసి, తురీయమనే నాలుగోదాన్ని వేరే చెప్పింది. మా వాకింగ్ మిత్రుడొకాయన నా కలలను ఆ నాలుగోదాంట్లో కలిపేస్తుంటాడు. గేట్ పాస్ వెతుక్కునేవాడికి తురీయమేమిటండీ!

ఈమధ్య నేను పట్టు కోసం పాకులాడటం మానేశాను. కల అని తెలిశాక చేతులు కట్టుకుని చూస్తూ నిలబడతాను. చిత్రంగా, అలా ఉన్నప్పుడే కల ఎక్కువసేపు నిలుస్తోంది.

షిఫ్టుల్లో ఉన్న తమ్ముళ్లకొక మాట. ఈ సాధనలో తెల్లవారుజామున అలారం పెట్టుకుని లేచి, కాసేపాగి మళ్లీ పడుకునే పద్ధతొకటి ఉంది. సి షిఫ్టు వారంలో దాని జోలికి పోకండి, వీక్లీ ఆఫ్ రోజున చూసుకోండి. మీరు నడిపే క్రేన్ కింద మనుషులుంటారు.