సోమవారం మాట్నీ

వాడవిల్ హాలు మేనేజరుకి వారం మొత్తంలో బరువైన రోజు సోమవారం. కొత్త ఐటమ్‌లన్నీ ఆ రోజే దిగుతాయి. పొద్దున ఆర్కెస్ట్రాతో రిహార్సలు, మధ్యాహ్నం మాట్నీ. ఆ మాట్నీలో ఆయన ప్రతి ఐటమూ చూసి, ఏది ఎలా నడిచిందో బుకింగ్ ఆఫీసుకు రిపోర్టు రాసి పంపాలి. పాట, గారడీ, కసరత్తు, కుక్కల ఆట, జంట హాస్యం, చిన్న నాటిక, అన్నీ ఒకే టిక్కెట్టు మీద చూపించే ఈ వినోదం, సినిమా నిలదొక్కుకోక ముందు అమెరికా పట్నాలను ఏలింది. బి.ఎఫ్. కీత్ హాళ్ళ మేనేజర్లు 1902 నుంచి రెండు దశాబ్దాల పాటు రాసిన ఆ రిపోర్టుల పుస్తకాలు ఇప్పుడు అయోవా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి. నాటక పోటీలకు న్యాయనిర్ణేతగా కూర్చునే నాకు, తీర్పు చెప్పే పని గురించి ఇంత సూటిగా నేర్పిన రాతలు మరెక్కడా దొరకలేదు.

ఒక్కో ఐటమ్‌కి కొద్ది పంక్తులే. పేరు, పక్కన ఎన్ని నిమిషాలు, స్టేజీ మొత్తం వాడుకున్నారా లేక ముందు తెర దగ్గరే కానిచ్చారా. తరవాత ఎక్కడ నవ్వారు, ఎక్కడ చల్లబడ్డారు, చివర చప్పట్లు ఎలా పడ్డాయి, ఇస్తున్న జీతానికి ఐటమ్ తూగుతుందా. తనకు నచ్చకపోయినా జనానికి నచ్చిందని ఒప్పుకుంటూ రాసినవీ వాటిలో ఉన్నాయి. నేను మళ్ళీ మళ్ళీ ఆగేది అక్కడే. తన అభిరుచి ఒకటి, హాలు ఇచ్చిన జవాబు ఒకటి. రెండూ రాసి, దేన్నీ దేనికిందా దాచకపోవడం చాలా కష్టమైన పని. మా నాటక పరిషత్తుల మార్కుల కాగితంలో రచన, దర్శకత్వం, నటన, ఆహార్యం, రంగాలంకరణ అని గళ్ళుంటాయి. హాలు ఏం చేసిందో రాయడానికి గడి ఉండదు. పైగా మర్యాద కోసం మమ్మల్ని ముందు వరసలో కూర్చోబెడతారు. జనం మా వీపు వెనక ఉండిపోతారు. అందుకే ఎక్కడికి వెళ్ళినా మధ్య వరసల్లో పక్క కుర్చీ అడుగుతాను. అక్కడినుంచి వేదికా కనబడుతుంది, సగం హాలు మొహాలూ కనబడతాయి.

అయితే చప్పట్లు లెక్కపెడితే తీర్పు అయిపోదు. ఆ ఐటమ్ ఏ స్థానంలో పడిందన్నది తెలియకపోతే చప్పట్లకు అర్థం లేదు. 1913లో న్యూయార్క్‌లో తెరిచిన ప్యాలెస్ థియేటర్ ఈ వరస కూర్చే విద్యలో పెద్ద బడి. అక్కడ ఐటమ్‌లు కూర్చే జార్జ్ గాట్లీబ్ తన లెక్క వివరించి చెప్పాడు, 1915లో వచ్చిన బ్రెట్ పేజ్ పుస్తకంలో అది అచ్చయింది. తొమ్మిది ఐటమ్‌లు. మొదటిది మాటల్లేనిది ఉండాలి, కసరత్తో జంతువుల ఆటో. ఎందుకంటే జనం ఇంకా లోపలికి వస్తూనే ఉంటారు, ఎవరి మాటా వినపడదు. రెండోది ముందు తెర దగ్గర పాడే జంట. మూడోది హాలును నిద్రలేపాలి. నాలుగోది మొదటి గట్టి దెబ్బ, విరామం ముందు అయిదోది పేరున్నది. విరామం తరవాత ఆరోది అన్నిటికన్నా ఇరుకైన చోటు. కూర్చుంటున్న జనాన్ని మళ్ళీ పట్టుకోవాలి, అలాగని ఏడోదాన్ని మించిపోకూడదు. ఎనిమిదోది అసలు సిసలు తార, చాలాసార్లు హాస్యగాడు. తొమ్మిదోది కళ్ళకు పండగలాంటి పెద్ద ఐటమ్, లేచి వెళ్ళబోయేవాళ్ళను కుర్చీలో నిలిపేది.

ఇందులో సెట్టింగ్ లెక్క కూడా కలిసి ఉంది. ముందు తెర దగ్గర పాటగాడు పాడుతున్నంతసేపూ వెనక వడ్రంగులు తరవాతి నాటికకు గది గోడలు నిలబెడుతుంటారు. ఆ చప్పుడు వినపడకుండా పాడటం కూడా అతని విద్యే.

ఇప్పుడు మొదటి స్థానంలో బంతులు ఎగరేసేవాణ్ణి ఊహించండి. తెర లేచింది. సగం కుర్చీలు ఖాళీ. ఎవరో దారి అడుగుతున్నారు, వరసలో కూర్చున్నవాళ్ళు లేచి తప్పుకుంటున్నారు. అయిదో బంతి గాల్లోకి లేచినప్పుడు హాల్లో మూడోవంతు మంది దాన్ని చూడనే లేదు. చివర పడ్డ చప్పట్లు పలచన. మంచి మేనేజరు దాన్ని ‘పలచన’ అని రాసి ఊరుకోడు. మొదటి స్థానానికి ఇది ఎక్కువే, తరవాతి స్థానానికి జరపొచ్చు అని రాస్తాడు. సోమవారం మాట్నీ అయ్యాక వరస మార్చేయడం ఆ హాళ్ళలో మామూలు. మధ్యాహ్నం రెండో స్థానంలో ఉన్నవాడు రాత్రికి నాలుగుకు వెళ్ళేవాడు, నాలుగోవాడు ముందు స్థానానికి జారేవాడు. కళాకారుడి గౌరవం, వచ్చే ఏటి జీతం, పోస్టరు మీద అక్షరాల సైజు ఆ అంకెను బట్టే ఉండేవి.

ఇంకో రకం తీర్పు కూడా ఆ కాలంలోనే ఉంది. అయోవా పల్లెపట్టు నుంచి వచ్చిన చెర్రీ సిస్టర్స్‌ను ఆస్కార్ హామర్‌స్టీన్ 1896లో న్యూయార్క్ ఒలింపియా థియేటర్‌కు పిలిపించాడు. వాళ్ళు ఎంత ఘోరంగా చేస్తారో చూడటానికే జనం వచ్చారు, కూరగాయలు విసిరారు. తరవాత అయోవాలో ఒక స్థానిక పత్రిక వాళ్ళ మీద రాసిన సమీక్షను డెమాయిన్ లీడర్ అనే పత్రిక మళ్ళీ అచ్చేసింది. అక్కాచెల్లెళ్ళలో ఎఫీ చెర్రీ పరువు నష్టం దావా వేసింది. 1901లో అయోవా సుప్రీంకోర్టు పత్రిక పక్షాన తీర్పిచ్చింది. డబ్బు తీసుకుని వేదికెక్కినవాళ్ళ ప్రదర్శనను, దురుద్దేశం లేనంతవరకు, ఎంత కటువుగానైనా విమర్శించవచ్చంది. అమెరికా పత్రికా స్వేచ్ఛకు అది గట్టి ఆసరా. ఆ సూత్రాన్ని నేనూ ఒప్పుకుంటాను. కానీ ఆ సమీక్ష నాకు సమీక్షగా ఆనదు. అందులో ఉన్నది వాళ్ళ వయసు, కాళ్ళు, మొహాలు. ఏ పాట ఎక్కడ తప్పిందో, ఏ నిమిషంలో హాలు చేజారిందో అది చదివినవాడికి తెలియదు. కీత్ మేనేజరు రాసిన పొడి పంక్తి అంతకంటే ఎక్కువ చెబుతుంది.

ఆ మేనేజర్లను దేవుళ్ళను చేయడం నా ఉద్దేశం కాదు. ఆ రిపోర్టుల్లో జాతి, రంగు గురించిన చిన్నచూపు మాటలు ఏ దాపరికం లేకుండా కనబడతాయి. తాళం పట్టి ఆడిన నల్లజాతి కళాకారుడి రంగు ముందు చూసి, తరవాత కాళ్ళు చూశారు. అది తీర్పు లక్షణం కాదు, అన్యాయం. పైగా ఆ కాగితాలు మేనేజర్ల మధ్యా ఆఫీసులోనూ తిరిగేవి. ఎవరి గురించి రాశారో వాళ్ళకు చూపించడానికి రాసినవి కావు. 1906లో కీత్, ఆయన వ్యాపార భాగస్వామి ఆల్బీ కలిసి యునైటెడ్ బుకింగ్ ఆఫీస్ పెట్టాక దేశం తూర్పున పెద్ద హాళ్ళలో పని కావాలంటే ఆ గుమ్మమే ఎక్కాలి, జీతంలో 5 శాతం కమిషన్ అక్కడే వదలాలి. బోస్టన్‌లో ఎవరో రాసిన ఒక ముక్క వల్ల ఆ తరవాతి ఊళ్ళలో తన వారాలు ఎందుకు తగ్గాయో తెలియని మనిషికి, తప్పు దిద్దుకునే దారి ఏది?

1899లో మార్టిన్ బెక్ చేసిన పని అందుకే నాకు ఇష్టం. ఆర్ఫియమ్ హాళ్ళకు ఐటమ్‌లు వెతుకుతూ ఆయన సెయింట్ పాల్ ఊళ్ళో ఒక బీరు హాలుకు వెళ్ళాడు. అక్కడ ఒక కుర్రాడు పేకముక్కల గారడీ, చిన్నాచితకా ఇంద్రజాలం, సంకెళ్ళు విప్పుకోవడం, పెట్టె మార్పిడి, అన్నీ కలిపి చేస్తున్నాడు. ఆ కలగాపులగంలో ఏది ఎవరైనా చేయగలిగిందో, ఏది ఇతనొక్కడే చేయగలిగిందో బెక్ వేరుచేసి చూశాడు. చిన్నవి మానెయ్, సంకెళ్ళూ పెట్టె మార్పిడీ పట్టుకో అని ఆ మాట అతనితోనే చెప్పాడు. వారానికి 60 డాలర్ల మీద ఒమాహాలో మొదలుపెట్టించాడు. ఆ కుర్రాడు హ్యారీ హౌడినీ. మరుసటి ఏడు యూరప్ వెళ్ళాడు.

ఈ ఏడు నన్ను పిలిచే పరిషత్తుల వాళ్ళకు రెండు సంగతులు ముందే చెబుతున్నాను. మార్కుల కాగితం మీద నాటిక ఎన్నోదిగా పడింది, ఎన్ని గంటలకు తెర లేచింది అన్న రెండు గళ్ళు కలపండి. రాత్రి ఒంటిగంటకు సగం కుర్చీల ముందు ఆడినవాళ్ళనూ, ఎనిమిదింటికి నిండు పందిట్లో ఆడినవాళ్ళనూ ఒకే కొలతతో కొలవలేను. రెండోది, ప్రతి నాటిక మీదా నేను రాసిన కాగితం నకలు ఆ నాటక సమాజం వాళ్ళకు ఇవ్వండి. కింద నా సంతకం ఉంటుంది. బహుమతి ప్రదానం అయ్యాక గంటసేపు అక్కడే ఉంటాను, వచ్చి అడగమనండి.